పిట్టి త్యాగరాయ సెట్టిగారు – అణా ఫలాహారము

మా యింటి మేడమీద నిలిచి చూచినచో హైటెక్ సిటీ సౌధములు అద్దపు కొండలవలె కానవచ్చును. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి ప్రాంతములయందు ధనమునకు కొదువ లేదు. ఆ సౌధములను కట్టెడు కూలీల బిడ్డలు మాత్రము రేకుల గుడిసెలనుండి ప్రభుత్వ పాఠశాలలకు వచ్చుచుందురు. మా వారు అట్టి యొక పాఠశాలలో ఉపాధ్యాయులు. ఒకనాటి సాయంకాలము నేనచ్చటికి పోయియుంటిని. మరునాడు సెలవని విని పిల్లలందరును కేకలు వేయుచుండగా ఒక చిన్నది మాత్రము మొగము వ్రేలవేసికొని నిలిచియుండెను. కారణమడిగితిని.

“రేపు బడి లేదంట గదమ్మా. మరి అన్నమెట్ల?” అనెను.

ఆ మాటకు నాకు బదులు తోచలేదు. బడిలో అన్నము పెట్టవలెనను ఆలోచన మన దేశమున మొదట ఎవరికి కలిగెనో తెలిసికొనగోరి పుస్తకములు తిరుగవేసితిని. అందు నాకు దొరికినది ఒక తెలుగు వర్తకుని చరిత్రము.

వర్తకులును, ధనమును అప్పులిచ్చువారును నగరములకు మేయరులగుట ఇంగ్లండున చిరకాలమునుండి వచ్చు ఆచారము. పిల్లికథవలన బాలుర వాచకములకెక్కిన రిచర్డు విటింగ్టను అట్టివాడే. పిల్లి సంగతి కల్పితమే కావచ్చును గాని మనుష్యుడు నిజము. అతడు బట్టల వర్తకమున ధనమార్జించి, రాజులకు సైతము అప్పులిచ్చి, నాలుగు మారులు లండను నగరమునకు మేయరై, 1423లో గతించెను. సంతానము లేనందున అతని ధనము బీదల వసతిగృహమునకును, గ్రంథాలయమునకును, చెఱసాలను బాగుచేయుటకును వినియోగమయ్యెను. అందుచేతనే ఆరు శతాబ్దములు గడచినను అతని పేరు మాసిపోలేదు.

బట్టల వర్తకమునుండియే నగరాధిపత్యమునకు వచ్చిన మన తెలుగువారు పిట్టి త్యాగరాయ సెట్టిగారు. పట్టుచీరలకై మనలో పలువురు చెన్నపట్టణమునకు పోయి టి. నగర్ వీధులలో తిరుగుచుందుము. ఆ “టి” అను అక్షరము ఈయన పేరే యని తెలిసి తిరుగువారు అరుదు. అది త్యాగరాయనగరము.

ఈయన 1852వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన తెలుగు మాటలాడెడు దేవాంగ కుటుంబమున జన్మించిరి. నేతయే కులవృత్తియైనను ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి పట్టభద్రులైరి. పిదప వర్తకమును వృద్ధిచేసి, 1909లో దక్షిణ భారత వాణిజ్య మండలిని స్థాపించిన వారిలో ఒకరైరి. ఎంత ధనమున్నను తెల్లని వస్త్రములే ధరించెడివారు. అందుచే అరవవారు ఆయనను తెల్లబట్టల రాజని పిలిచిరి.

1882లో చెన్నపురి కార్పొరేషను సభ్యులై, రమారమి నలుబది యేండ్లు ఆ సభను విడువలేదు. మేయరను పేరు ఆ నగరమున 1933లో గాని రాలేదు. అంతకుముందు ఆ స్థానమును అధ్యక్షుడనెడివారు. ప్రభుత్వోద్యోగి కాకయే అధ్యక్షస్థానమునకు ఎన్నికైన మొదటివారు సెట్టిగారు. 1916లో డాక్టరు నాయరు, నటేశ మొదలియారు గార్లతో కూడి జస్టిస్ పక్షమును స్థాపించిరి. 1920 ఎన్నికలలో ఆ పక్షమే నెగ్గగా, ముఖ్యమంత్రి పదవి తమ్ము వెదకికొని వచ్చినను వలదనిరి. ఆయన రాజకీయములతో ఏకీభవింపనివారు నాడును గలరు, నేడును గలరు. కాని వలదనుట ఎల్లరకు సాధ్యమా?

ఇక అసలు సంగతికి వత్తును. 1920 సెప్టెంబరు 16వ తేదీన కార్పొరేషను సభ యొక తీర్మానము చేసెను. థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషను పాఠశాల పిల్లలకు దినమునకు తలకొక అణాకు మించకుండ ఫలాహారము పెట్టవలెనని దాని సారాంశము. అచ్చటి పిల్లలు బీదవారనియు, ఆ బీదతనముచేతనే బడిలో సంఖ్య తగ్గిపోవుచున్నదనియు సెట్టిగారు సభకు విన్నవించిరి. పిమ్మట మరి నాలుగు పాఠశాలలకు ఈ ఏర్పాటు విస్తరించెను. ఫలితము చూడుడు: 1922–23లో 811 మందిగా నున్న పిల్లలు 1924–25 నాటికి 1,671 మందియైరి.

ఇంతలో విఘ్నము సంభవించెను. ప్రాథమిక విద్యానిధినుండి తిండికి వ్యయము చేయరాదని ఆంగ్ల ప్రభుత్వము ఆక్షేపించెను. 1925 ఏప్రిల్ 1వ తేదీనుండి బడిలో ఫలాహారము నిలిచిపోయెను. అదే నెల 28వ తేదీన సెట్టిగారు పరమపదించిరి.

సోదరీమణులారా! లెక్కల పుస్తకము మనకును కలదు. నెలాఖరున చేయి బిగువైనప్పుడు మనము చీర మానుకొందుము, నగ మానుకొందుము. పసివాని పాలు మాత్రము తగ్గింపము. నాటి ప్రభుత్వమువారు అణాల మొత్తమును మాత్రము చూచిరి. రెండింతలైన పిల్లల సంఖ్యను చూడరైరి. ఆకలిగొన్న బిడ్డకు అక్షరమెక్కదని తెలియుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. వంటయింటిలో నిలిచినవారికి అది తెలియును. వర్తకుడైనను ఆ సంగతి సెట్టిగారికి తెలిసెను. అన్నము చదువునకు బయటి ఖర్చు కాదు, చదువులోని భాగమే.

మంచి విత్తనము నేలలో నశింపదు. రెండేండ్లకే ఆ ఏర్పాటు మరల మొదలై 25 పాఠశాలలలో వేయిమంది బీదపిల్లలకు ఉపయోగపడెను. 1956లో కామరాజుగారు దానిని మద్రాసు రాష్ట్రమంతట నెలకొల్పిరి. 2001 నవంబరు 28వ తేదీన సుప్రీముకోర్టు ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని రాష్ట్రములను ఆదేశించెను. మన యుమ్మడి ఆంధ్రప్రదేశమున 2003 జనవరిలో ఆ భోజనము ప్రారంభమయ్యెను. మా వారి పాఠశాలలో నేడు పప్పన్నము తినుచున్న పిల్లల విస్తరికిని, చెన్నపురిలోని ఆ అణాకును ఇట్టి సంబంధము కలదు.

కాని ఆ చిన్నదాని ప్రశ్న యింకను మిగిలియున్నది. ప్రభుత్వము బడి తెరచిన దినమున పెట్టును. సెలవునాడో? మన పెద్దలు పిడికెడు బియ్యము తీసి వేరుగ కుండలో వేసిన పిమ్మటనే అత్తెసరు పెట్టెడివారు. మా వీధిలో ముగ్గురము ఆ వాడుకను మరల మొదలిడితిమి. వారమునకు పోగైన బియ్యమును ఆదివారమునాడు వండి, ఆ గుడిసెల పిల్లలకు పెట్టుచున్నాము. ఇది చిన్నపని. అణాయును చిన్నదే గదా! అద్దపు సౌధములచెంత నివసించు సోదరీమణులు తమ వీధులలో ఒక్కొక్క కుండను నిలిపినచో, సెలవని విని మొగము వ్రేలవేయు బిడ్డ మనకు కానరాదు.