సాఫ్ట్‌వేర్ కొనే ముందు

2024 జులైలో తమిళనాడు ప్రభుత్వం స్వీయ ధ్రువీకరణ పద్ధతి తెచ్చాక, 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 చదరపు అడుగుల లోపు ఇంటికి ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి దొరుకుతోంది. తిరువళ్లూరు, తిరుత్తణి చిన్న బిల్డర్లకు ఆఫీసుల చుట్టూ తిరిగే పని తగ్గింది, జాప్యానికి సాకూ తగ్గింది. ఇక మిగిలిన ఆలస్యం సంస్థ లోపలిదే. దిగిన ఇటుకల లెక్క మేస్త్రీ చీటీలో, బిల్లు అకౌంటెంటు కంప్యూటర్లో, మారిన ప్లాను ఇంజనీరు ఫోన్లో ఉంటే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ గందరగోళమే తెర మీదికెక్కుతుంది. సరుకు ఎవరు సరిచూడాలి, ఎవరి సంతకంతో డబ్బు కదలాలి అన్నది ముందు తేలాలి.

మేస్త్రీలకు ఫోన్లో లెక్కలు పంపడం ఎక్కడొస్తుందని కొందరంటారు. ఫోన్లో ఫోటో తీసి పంపడం ఇప్పుడు ఎవరికి రాదు? సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు ఎక్కువన్న మాట మాత్రం నిజం. చిన్న సంస్థకు పెద్ద ప్యాకేజీ దండగ. పైగా తెలుగు, తమిళం కలిసి నడిచే తిరుత్తణిలో ఇంగ్లీషు మెనూల యాప్ మూలపడటానికి ఎన్నాళ్లో పట్టదు. లోడుకో ఫోటో, రోజుకో లెక్క, దానికి జవాబుదారీగా ఒక మనిషి ఉంటే ఆరంభానికి చాలు.