భల్లూకపు పట్టు... అమలాపురం నుంచి అజెరోత్ దాకా!

మనిషి జంతువుగా మారిపోవడం మన సినిమాలకి కొత్తేం కాదు. విఠలాచార్య గారి జానపదాలు చూసిన తాతయ్యల్ని అడగండి. ఢామ్మని పొగ లేస్తుంది, పొగ తేలిపోయేసరికి రాకుమారుడి స్థానంలో చిలకో, మేకో ఉంటుంది! హీరో గారి కాల్షీట్లు దొరక్కపోతే ఆచార్యులవారు ఓ శాపం పెట్టించి, ఆ చిలకతోనే షూటింగ్ లాగించేసేవారని సినీజనం ఇప్పటికీ సరదాగా చెప్పుకుంటారు.

అయితే ఆ కథల్లో జంతువు కావాలని ఎవరూ కోరుకోరు. ముని కోపం వల్ల మారతారు, శాపవిమోచనం కోసం ఏడుస్తారు. నేను మాత్రం నెలనెలా డబ్బు కట్టి మరీ ఎలుగుబంటిని అవుతున్నాను!

ఆట పేరు ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’. అమెరికాలోని బ్లిజార్డ్ కంపెనీ 2004 నవంబరులో విడుదల చేసింది. అజెరోత్ అనే ఊహాలోకంలో దేశదేశాల వాళ్లు ఒకేసారి తిరుగుతూ, జట్లు కట్టి రాక్షసుల మీదికి వెళతారు. 2016లో డంకన్ జోన్స్ దర్శకత్వంలో ఇది సినిమాగా కూడా వచ్చింది. మనుషులకీ ఓర్క్‌లకీ యుద్ధం, బోలెడు గ్రాఫిక్స్. ఎలుగుబంటికి మాత్రం అందులో చెప్పుకోదగ్గ వేషం దొరకలేదు. నాకది ఇప్పటికీ వెలితే.

ఆటలోకి వెళ్లేముందు ఓ వృత్తి ఎంచుకోవాలి. యోధుడు, మాంత్రికుడు, పూజారి... ఇలా. నేను ఎంచుకున్నది డ్రూయిడ్. అంటే అడవి మంత్రగాడు. చిరుతలా దొంగదెబ్బ తీస్తాడు, సీల్ చేపలా నీళ్లలో ఈదుతాడు, మనిషి రూపంలో గాయాలు మాన్పుతాడు, ఎలుగై జట్టుకి అడ్డుగోడలా నిలబడతాడు. మా కోనసీమవాళ్లకి ఈ రూపభేదం విడమర్చి చెప్పక్కర్లేదు. ర్యాలి గుడికి వెళ్లినవాళ్లు ముందు కేశవస్వామిని చూసి, వెనక్కి తిరిగి అదే విగ్రహంలో జగన్మోహినిని చూసి వస్తారు. (జగన్మోహిని అనగానే మీకు 1978 నాటి విఠలాచార్య సినిమాయే గుర్తొస్తే తప్పు మీది కాదు లెండి!) కాకపోతే ర్యాలిలో రెండు రూపాలూ ఒకేసారి ఉంటాయి. నా డ్రూయిడ్‌కి ఆ భాగ్యం లేదు. ఎలుగుగా ఉన్నంతసేపూ మంత్రం పలకదు, మంత్రం కావాలంటే ఎలుగు తోలు విడవాలి. చిక్కంతా అక్కడే వస్తుంది.

నేను మొదలుపెట్టింది 2019 ఆగస్టులో. ఆట తొలినాళ్లలో ఎలా ఉండేదో అలాగే ‘క్లాసిక్’ పేరుతో మళ్లీ విడుదల చేశారప్పుడు. ఎలుగు రూపం ఊరికే ఇవ్వరు. పదో స్థాయికి చేరాక మూన్‌గ్లేడ్ అనే వనానికి వెళ్లి, అక్కడి మహాభల్లూకాత్మ చెప్పే మాటలు శ్రద్ధగా వినాలి. ఆ పరీక్ష పేరే ‘శరీరం, హృదయం’. ఆ తర్వాత ఓ మృగాన్ని గెలిచి వస్తేగానీ విద్య అబ్బదు. నా పాత్రకి జాంబవాన్ అని పేరు పెట్టాను. గిల్డులోని ఐరోపా కుర్రాళ్లకి నోరు తిరక్క ‘జంబో’ అని పిలవడం మొదలెట్టారు. సర్దుకుపోయాను.

దెబ్బ తిన్నకొద్దీ కోపం!

ఎలుగు పని శత్రువుని చంపడం కాదు. శత్రువు తననే కొట్టేలా చేసుకోవడం! ఈ పనిచేసేవాడిని ‘ట్యాంక్’ అంటారు. దెబ్బ తగిలినప్పుడూ, దెబ్బ కొట్టినప్పుడూ ఎలుగుకి కోపం పెరుగుతుంది. ఆ కోపమే దాని పెట్టుబడి. దాన్ని ఖర్చుపెట్టే పంజా విసరాలి. డాలు పట్టదు, ఎదుటి కత్తిని కత్తితో ఆపలేదు. తప్పుకోవడం, మందపాటి తోలు... ఈ రెండే ఆధారం. నలభయ్యో స్థాయిలో పెద్ద ఎలుగు అయ్యాక ఒంటిమీది సామగ్రి ఇచ్చే కవచబలం 360 శాతం పెరుగుతుంది లెండి, అది వేరే సంగతి.

రాక్షసుడి మనసులో ఓ చిట్టా నడుస్తూ ఉంటుంది, తనని ఎవరు ఎంత బాధపెడుతున్నారని. పక్కనే నిలబడి కొట్టేవాడు నా లెక్కకి 110 శాతం దాటితే రాక్షసుడు అటు తిరుగుతాడు. దూరం నుంచి నిప్పులు విసిరేవాడికైతే 130 శాతం దాకా వెసులుబాటు. వాడు దాటేశాడా, నేను గుర్రుమని అరిచి మళ్లీ నా వైపు తిప్పుకోవాలి. ఆ అరుపు పది సెకన్లకి ఒక్కసారే. మన పెద్దలు ‘భల్లూకపు పట్టు’ అన్నది ఇందుకేనేమో అనిపించేది నాకు.

ఇంకో విచిత్రం చూడండి. యోధుడికి మెరిసే కవచం దొరికితే నగరం నడిబొడ్డున నిలబడి అందరికీ చూపించుకుంటాడు. ఎలుగు ఏం వేసుకున్నా బయటికి కనబడదు! నోమ్‌రేగన్ అనే పాడుబడ్డ యంత్రనగరంలో ఓ సుత్తి దొరుకుతుంది. దాని మహిమ మూడేసార్లు, ఒక్కోసారి 30 సెకన్లు. ఆ మూడూ అయిపోతే మళ్లీ వెళ్లి ఇంకోటి తెచ్చుకోవాలి. అలా ఎన్ని సాయంత్రాలు పోయాయో! తీరా రెయిడ్‌కి వెళితే ఆ సుత్తి చేతిలో ఉన్నట్టు ఒక్కడికీ కనబడదు. సినిమాలో ఎలుగు తోలు తొడుక్కుని హీరోతో కుస్తీపట్టే ఫైటర్ మొహం మీరెప్పుడైనా చూశారా? నాదీ అదే బతుకు.

భాగవతంలో జాంబవంతుడు శ్రీకృష్ణుడితో 28 రోజులు పోరాడాడు. వినాయక చవితినాడు అక్షింతలు పట్టుకుని విన్న కథే. కానీ నాకిష్టమైన జాంబవంతుడు కిష్కింధవాడు. సముద్రం ఒడ్డున కూర్చుని, తను దాటలేనని చెప్పి, దాటగలవాడు హనుమంతుడేనని గుర్తుచేసినవాడు.

పెద్ద రెయిడ్లకి నలభై మంది కావాలి. మధ్య ఐరోపాలో రాత్రి ఎనిమిదంటే మనకి చలికాలంలో పన్నెండున్నర, వేసవిలో పదకొండున్నర. ఊరంతా నిద్దర. కొబ్బరి మట్టల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. నేను మైకులో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే, పక్కగదిలోంచి అమ్మ “ఎవడితోరా ఈ అర్ధరాత్రి తగువు?” అనేది.

ఆ రోజుల్లో డ్రూయిడ్ అంటే “వెళ్లి గాయాలు మాన్పు” అనేవాళ్లే ఎక్కువ. ముందు నిలబడే వేషం యోధుడిది. బతిమాలగా బతిమాలగా మోల్టెన్ కోర్‌లో నాకో కుక్కనిచ్చారు! అక్కడ గోలెమాగ్ అనే రాక్షసుడికి రెండు నిప్పుకుక్కలుంటాయి. యజమాని చచ్చేదాకా అవి చావవు. సగం ప్రాణం తీస్తే మళ్లీ నిండుతాయి. అంటే ఆ కుక్కని ఓడించడం నా పని కాదు, పట్టుకుని ఉండడమే.

అలా పట్టుకుని ఉండగా మా హీలరమ్మాయి పడిపోయింది. ఫిన్లండ్ పిల్ల. యుద్ధం మధ్యలో చనిపోయినవాళ్లని లేపే మంత్రం డ్రూయిడ్‌కే ఉంది, అదీ అరగంటకి ఒక్కసారి. కానీ ఎలుగు నోట అది పలకదు! తోలు విడిస్తే నాలుగు దెబ్బలకి నేనే పోతాను. పోనీ ఊరుకుంటే వైద్యం అందక ఎలాగూ పోతాం. రెండో కుక్కని పట్టుకున్న యోధుణ్ణి కేకేసి, నా కుక్కని కూడా ఓ క్షణం లాక్కోమన్నాను. లాక్కున్నాడు. మనిషినయ్యాను. మంత్రానికి రెండు సెకన్లు... చెబితే నవ్వుతారుగానీ, ఇంటర్మీడియెట్ రిజల్ట్స్‌నాడు కూడా అంత గుండెదడ లేదు. ఆమె లేచింది. నేను మళ్లీ ఎలుగునై గుర్రుమన్నాను. గోలెమాగ్ కూలాడు. ఆ వారం నుంచి నన్నెవరూ గాయాలు మాన్పమనలేదు.

2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాయి. ఆ తర్వాత మా ప్రాంతంలో ఇంటర్నెట్ ఆగిపోయి, రోజుల తరబడి రాలేదు. ఇంటినుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు సిగ్నల్ కోసం పొరుగూళ్లకి పరుగులు పెట్టారు. అప్పటికి మా రెయిడ్ పాతికమందిది, ముందు నిలబడేది నేనే. చెప్పాపెట్టకుండా మాయమైపోయిన ట్యాంకుని ఎవరు క్షమిస్తారు? ఒక్కరి ఫోన్ నంబరూ నా దగ్గర లేదు. బస్సెక్కి రాజమండ్రి వెళ్లి ఫోన్ తీశాను. బొలబొలా మెసేజ్‌లు! మొదటిది ఫిన్లండ్ పిల్లది: “జంబో, మీ ఊరి పేరు వార్తల్లో చూశాను. ఇంట్లో అంతా క్షేమమేనా?” రెయిడ్ ఊసే లేదు. ఆ వారం వాళ్లు ఆడలేదని తర్వాత తెలిసింది.

అన్నట్టు, 2012లోనే అసలు ఆటలో ఎలుగుకి ‘గార్డియన్’ పేరుతో సొంత శాఖ ఇచ్చారు. ఇప్పుడు తోలు విడవకుండానే చచ్చినవాళ్లని లేపొచ్చు. ఆటలోనే మంగలి షాపు ఉంది, ఎలుగు రంగు మార్పించుకోవచ్చు కూడా. మొన్న అమ్మ వెనక నిలబడి చూసి, “ఆ బూడిద రంగుది ముద్దుగా ఉందిరా, అదుంచు” అంది. ఉంచాను.