బ్రేకర్ ఎందుకు ట్రిప్ అవుతుంది?

దసరా, దీపావళి, కార్తీక మాసం వరుసగా వస్తున్నాయి. ఇంట్లోనూ, గుడి వంటశాలలోనూ కరెంటు ఎక్కువగా వాడేది ఈ రోజుల్లోనే. సేవకు వచ్చే వాలంటీర్లు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "బ్రేకర్ పడిపోయిందండీ, మళ్లీ వేసేయమంటారా?" వేసే ముందు అది ఎందుకు పడిందో తెలుసుకోవాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

కరెంటు ప్యానెల్ నుంచి బయలుదేరి, వస్తువు గుండా వెళ్లి, తిరిగి ప్యానెల్‌కు చేరే దారినే సర్క్యూట్ అంటాం. ఆ దారి ఎక్కడ తెగినా వస్తువు పనిచేయదు. స్విచ్ చేసేది ఆ పనే.

దీపాల తోరణంలోని పాతకాలపు చిన్న బల్బులు సిరీస్ పద్ధతిలో, ఒకదాని వెనక ఒకటిగా ఉంటాయి. 50 బల్బులు 120 వోల్టులను తలా సుమారు 2.4 చొప్పున పంచుకుంటాయి. ఒక బల్బు ఊడితే ఆ వరుసంతా ఆరిపోతుంది. 100 బల్బుల తోరణంలో సగమే ఆరిపోయిందంటే, అందులో 50 చొప్పున రెండు వరుసలున్నాయన్నమాట.

ఇంట్లో ప్లగ్ పాయింట్లు ప్యారలల్ పద్ధతిలో ఉంటాయి. ప్రతి వస్తువుకూ పూర్తి 120 వోల్టులు అందుతాయి. ఒకటి ఆపినా మిగతావి నడుస్తాయి. కానీ అన్నిటి కరెంటూ కలిసి వచ్చేది గోడలోని ఒకే తీగ మీదుగా. చిక్కంతా అక్కడే.

లెక్క తేలికే. వాట్లను 120తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 1500 వాట్ల కెటిల్ 12.5 ఆంపియర్లు తీసుకుంటుంది. పక్కనే 1200 వాట్లు లాగే మైక్రోవేవ్ పెడితే మరో 10. మొత్తం 22.5. ఆ సర్క్యూట్ 15 ఆంపియర్లదైతే ఇది ఓవర్‌లోడ్. కరెంటు రెట్టింపయితే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. కంటికి కనబడని గోడలో ఇన్సులేషన్ మెత్తబడి, చివరికి నిప్పు రాజుకోవచ్చు.

షార్ట్ సర్క్యూట్ వేరు. ఇన్సులేషన్ చెడి హాట్, న్యూట్రల్ తీగలు తాకితే, మధ్యలో అడ్డుకునే వస్తువేదీ లేక, క్షణంలో వందల ఆంపియర్లు ప్రవహిస్తాయి.

బ్రేకర్ రెండింటినీ పట్టుకుంటుంది. లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ ఒకటి ఉంటుంది. ఓవర్‌లోడ్ అయితే అది వేడెక్కి, వంగి, దారి తెంచుతుంది. దీనికి కాస్త సమయం పడుతుంది. షార్ట్ అయితే విద్యుదయస్కాంతం వెంటనే లాగేస్తుంది. కాబట్టి కొన్ని నిమిషాలు నడిచి పడిందంటే ఓవర్‌లోడ్ కావచ్చు. వేయగానే పడిందంటే షార్ట్ అని అనుమానించాలి.

ఊళ్లో మన పెద్దల ఇళ్లలో తెల్ల పింగాణీ ఫ్యూజులుండేవి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని కొందరు లావుపాటి రాగి తీగ చుట్టేవారు. లైటు వెలిగేది, రక్షణ పోయేది. ఇక్కడ 15 ఆంపియర్ల బ్రేకర్ తీసి 20ది పెట్టడమూ అలాంటిదే. 14 గేజ్ రాగి తీగకు 15, 12 గేజ్‌కు 20 ఆంపియర్లకు మించిన బ్రేకర్ ఉండకూడదు.

ఇంకో మాట. బ్రేకర్ కాపాడేది తీగను, మనిషిని కాదు. మనిషికి షాక్ తగలకుండా కాపాడేది సింక్ దగ్గర బటన్లుండే జీఎఫ్‌సీఐ ప్లగ్ పాయింట్. సుమారు 5 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పినా అది ఆపేస్తుంది. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

బ్రేకర్ పడితే ఇలా చేయండి:

1. ఆ సర్క్యూట్ మీదున్న వస్తువులన్నిటి ప్లగ్గులూ తీయండి. బ్రేకర్‌ను ముందు పూర్తిగా ఆఫ్ వైపు నొక్కి, తర్వాత ఆన్ చేయండి.

2. వస్తువులను ఒక్కొక్కటిగా పెట్టండి. గోడకు ఆ చివరొకటి, ఈ చివరొకటి పెట్టినా రెండూ ఒకే బ్రేకర్ మీద ఉండొచ్చు.

3. మళ్లీ పడినా, కాలిన వాసన వచ్చినా, ప్లగ్ పాయింట్ వేడిగా ఉన్నా ఆఫ్‌లోనే ఉంచి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. గుడిలో అయితే మాకు చెప్పండి.

4. కుక్కర్లు, కెటిళ్లు, హీటర్లను ఎక్స్‌టెన్షన్ కార్డుకు, పవర్ స్ట్రిప్‌కు పెట్టకండి.

5. ఇండియా నుంచి తెచ్చిన 750 వాట్ల మిక్సీ అక్కడ 230 వోల్టుల మీద 3.3 ఆంపియర్లు లాగితే, ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా గోడ నుంచి 6 ఆంపియర్లకు పైగా లాగుతుంది. లెక్కలో కలుపుకోండి.

6. అన్నదానం నాడు మూడు గంటలు, అంతకు మించి నడిచే వార్మర్లుంటే 15 ఆంపియర్ల సర్క్యూట్ మీద 12 ఆంపియర్లు దాటనివ్వకండి.

ప్రసాదాల సేవకు సొంత కుక్కర్ తెస్తున్నవారు దాని అడుగున రాసున్న వాట్లు చూసి ముందుగా మాకు చెబితే, ఏది ఏ సర్క్యూట్ మీద పెట్టాలో మేము చూపిస్తాం.