గేరు పెట్టెలో ఏముంది?



మన పట్టిసీమ వైపు నుంచి అరటి గెలలు, కూరగాయలు రాజమండ్రి బజారుకు వెళ్తాయి. గూటాల, తాళ్ళపూడి, కొవ్వూరు మీదుగా దారి. ఈ సరుకు మోయడానికి మీ సంఘం అప్పు తీసుకుని ఒక పాత పికప్ బండి కొన్నదనుకోండి. ఒకరోజు బండి గరగరమంది. మెకానిక్కు చూసి, "గేరు బాక్సు పోయిందమ్మా, మార్చాలి" అన్నాడు. అప్పుడు ఏం చేస్తారు? అడిగినంతా ఇచ్చేస్తారా? ముందు ఆ పెట్టెలో ఏముందో తెలుసుకుందాం.

గేర్లు ఎందుకు?

ఏటిగట్టు ఎక్కేటప్పుడు ఎడ్లు పరిగెత్తవు. మెల్లగా, గట్టిగా అడుగు వేస్తాయి. బండి కూడా అంతే. మొదటి గేరులో వేగం తక్కువ, బలం ఎక్కువ. పై గేరులో వేగం ఎక్కువ, బలం తక్కువ.

గేరు పెట్టెలో చిన్నవీ పెద్దవీ పళ్ళ చక్రాలు ఉంటాయి. చిన్న చక్రానికి 15 పళ్ళు, పెద్ద చక్రానికి 60 పళ్ళు అనుకోండి. చిన్నది 4 సార్లు తిరిగితే పెద్దది 1 సారి తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది.

ఈ చక్రాలు ఇనుప కడ్డీల మీద ఉంటాయి. వాటిని షాఫ్టులు అంటారు. షాఫ్టులు సులువుగా తిరగడానికి బేరింగులు ఉంటాయి. గేరు మెత్తగా పడడానికి ఇత్తడి రింగులు ఉంటాయి. లోపల ఆయిలు ఉంటుంది. అది కారిపోకుండా సీళ్ళు ఉంటాయి. సీలు పాడైతే ఆయిలు కారిపోతుంది. ఆయిలు లేకపోతే బేరింగులు, పళ్ళు అరిగిపోతాయి. చిన్న సీలును పట్టించుకోకపోతే పెద్ద ఖర్చు వస్తుంది.

జబ్బు ఎక్కడుంది?

ఇంజను ఆడుతుంటే గేరు పడదు. ఆపితే సులువుగా పడుతుంది. అలాగైతే లోపం చాలావరకు క్లచ్చులో ఉంటుంది. ముందు క్లచ్చు చూడమనండి. దాన్ని సర్దితే సరిపోవచ్చు.

గేరు వేయకుండా బండి నిలబెట్టినప్పుడు మోత వస్తుంది. క్లచ్చు తొక్కితే ఆగుతుంది. అలాగైతే పెట్టెలోని ముందు బేరింగు అరిగి ఉండవచ్చు.

ఒక్క గేరులోనే మోత వస్తే ఆ గేరు చక్రాలు చూడాలి. గేరు దానంతట అదే జారిపోతుంటే లోపలి పళ్ళు గానీ, ఫోర్కు గానీ అరిగి ఉండవచ్చు.

బాగు చేయించాలా? మార్చాలా?

రెండు దారులున్నాయి. మొదటిది, మన పెట్టెనే విప్పి బాగు చేయించడం. పాడైన బేరింగులు, రింగులు, సీళ్ళు కొత్తవి వేస్తారు. పళ్ళు విరిగితే జతగా తిరిగే రెండు చక్రాలూ మార్చడం మంచిది. అరిగినదాని పక్కన కొత్తది పెడితే అదీ త్వరగా అరుగుతుంది.

రెండోది, వేరే బండి నుంచి తీసిన పాత పెట్టె వేయడం. ఇలాంటివి విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల దొరుకుతాయి. కొనేముందు ఇవి చూడండి:

1. అదే మోడలు బండిదేనా? బోల్టు రంధ్రాలు కలుస్తాయా? మన క్లచ్చు ప్లేటు దాని షాఫ్టుకు సరిపోతుందా?
2. షాఫ్టును చేత్తో తిప్పండి. పట్టేస్తుందా? పైకీ కిందికీ బాగా ఊగుతుందా?
3. ఆయిలు కొంచెం తీయించి అయస్కాంతం పెట్టండి. సన్నని ఇనుప పొడి రావడం మామూలే. ముక్కలు వస్తే ఆ పెట్టె వద్దు. బంగారు రంగు రజను కనిపిస్తే ఇత్తడి రింగులు అరిగాయన్నమాట. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదు.
4. పనికిరాకపోతే ఎన్ని రోజుల్లో వాపసు తీసుకుంటారో రసీదు మీద రాయించండి.

పాత పెట్టెను తెచ్చిన వెంటనే బిగించకండి. ముందు విప్పి చూడమనండి. సీళ్ళు కొత్తవి వేయించండి. క్లచ్చు ప్లేటు కూడా చూడమనండి. పెట్టె ఒకసారి దింపాక ఆ పని సులువు. మళ్ళీ దింపితే మళ్ళీ కూలి.

పెట్టె చాలా బరువు. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరినీ బండి కిందికి వెళ్ళనివ్వకండి. గట్టి స్టాండ్లు పెట్టాలి.

బిల్లు మీరే చదవండి

సామాను ధర వేరుగా, కూలి వేరుగా రాయించండి. ఏ వస్తువు ఎన్ని వేశారో చూడండి. కూడిక మీరే చేయండి. తీసిన పాత సామాను అడిగి తీసుకోండి. "3 బేరింగులు వేశాను" అంటే 3 పాతవి మీ చేతికి రావాలి. ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి. బిల్లును సంఘం పుస్తకంలో అంటించండి. ఆ డబ్బు అందరి పొదుపు. అప్పు వాయిదా కట్టాల్సిందీ మనమే.

చర్చించండి

1. ఇంజను ఆపితేనే గేరు పడుతోంది. ముందు ఏం చూడమంటారు?
2. చిన్న చక్రానికి 20 పళ్ళు, పెద్దదానికి 60 పళ్ళు. పెద్దది 1 సారి తిరగాలంటే చిన్నది ఎన్నిసార్లు తిరగాలి?
3. ఏదైనా ఒక రిపేరు బిల్లు తెచ్చి అందరూ కలిసి చదవండి. కూలి ఎంత? సామాను ఎంత?