ఫ్లెక్సీ వెనకున్న బడి

ఏప్రిల్ నెలాఖరుకు బడులకు సెలవులిస్తారో లేదో, వీధి మలుపుల్లో ‘అడ్మిషన్స్ ఓపెన్’ ఫ్లెక్సీలు లేస్తాయి. టై కట్టుకున్న పిల్లల ఫొటోలు, పేరుకు ముందో వెనకో టెక్నో, కాన్సెప్ట్, ఒలింపియాడ్. నర్సరీ నుంచి ఏడో తరగతి దాకా నడిచే కాలనీ బడి కూడా కార్పొరేట్ బడి వేషం కడుతోంది. నిజానికి చిన్న బడి చెప్పుకోదగ్గ గొప్పలు వేరే ఉన్నాయి: తరగతికి పాతిక ముప్ఫైమంది పిల్లలు, ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచే టీచరు, నడిచి వెళ్లేంత దూరం. ఫీజు కట్టబోయే తల్లిదండ్రులు అక్కడ అవి ఉన్నాయో లేవో చూసుకుంటే చాలు, సగం పని అయినట్టే.

ముందు కాగితాల సంగతి తేల్చుకుందాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం గుర్తింపు లేకుండా ప్రైవేటు బడి నడపకూడదు. చాలామంది ‘గుర్తింపు ఉందా?’ అని అడిగి ఊరుకుంటారు. ‘ఏ తరగతి వరకు?’ అని కూడా అడగాలి. ఐదో తరగతి వరకే అనుమతి తెచ్చుకుని ఏడో, పదో తరగతి దాకా నడిపే బడులున్నాయి. అలాంటిచోట పై తరగతుల పిల్లల పేర్లు ఇంకో బడి రిజిస్టర్‌లో ఉంటాయి. టీసీ చేతికొచ్చిన రోజున, పిల్లవాడు ఎన్నడూ చూడని బడి పేరు దానిమీద కనిపిస్తుంది. బడికి 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 28తో, తెలంగాణలో 36తో మొదలవుతుంది. ఆ కోడ్ రాసుకుని మండల విద్యాధికారి కార్యాలయంలో ఒక్కసారి అడిగితే విషయం తేలిపోతుంది.

డొనేషన్ అడిగినా, చేర్చుకునే పిల్లకు ఎంట్రన్స్ టెస్టు పెట్టినా అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం తప్పు. టెస్టు పెట్టినందుకు మొదటిసారి 25 వేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా వేయొచ్చు. ఫీజు విషయంలో నా సలహా ఒక్కటే. ట్యూషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు, పరీక్షలు, ఆ ‘యాక్టివిటీ’ అనే మాయదారి పద్దు, అన్నీ ఒకే కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా చెప్పిన ఫీజు సంక్రాంతి నాటికి పెరుగుతుంది.

ఇక అసలు విషయానికొస్తే, చిన్న బడిలో టీచరే బడి. పెద్ద సంస్థలో ఒక టీచరు మానేస్తే ఇంకో శాఖ నుంచి మరొకరిని పంపుతారు. పదిమంది టీచర్లున్న చోట ఒకరు దసరాకు మానేస్తే ఆ తరగతికి ఆ ఏడాది చదువు పోయినట్టే. అందుకే ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నప్పుడు భవనం గురించి తక్కువ అడిగి టీచర్ల గురించి ఎక్కువ అడగండి. మూడో తరగతి టీచరు ఎన్నాళ్లుగా ఇక్కడున్నారు? ఏం చదువుకున్నారు? ఏడాది మధ్యలో ఎవరైనా మానేశారా? కుదిరితే ఆయమ్మను కూడా కదపండి, ప్రిన్సిపాల్ చెప్పనిది ఆవిడ చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో వచ్చిన జీవో నంబరు 1, వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకే పోవాలంటుంది. ఆ లెక్క పాటించే బడిలో టీచర్లు నిలబడతారు.

తర్వాత నోటుపుస్తకం. మూడో తరగతి పిల్లవాడి ఈవీఎస్ నోట్సు ఒకటి చూపించమనండి. పేజీల నిండా ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి జవాబు కింద ఎర్ర టిక్కు, పక్కన ‘గుడ్’. ముచ్చటేస్తుంది. వెంటనే పక్క పిల్లవాడి నోట్సు కూడా అడగండి. అవే జవాబులు అక్షరం పొల్లుపోకుండా ఉంటే, బోర్డు మీదిది దించారంతే. దించడంలో అక్షరం తప్పిన చోట కూడా టిక్కు పడి ఉంటే, టీచరు చదవకుండానే దిద్దుతున్నారని అర్థం. మంచి నోట్సు కాస్త చిందరవందరగా ఉంటుంది. పిల్లవాడు తన ఇంటి ముందున్న వేపచెట్టు గురించి సొంతంగా రెండు వాక్యాలు రాసి ఉంటాడు, అందులో తప్పు కింద టీచరు గీత గీసి ఉంటారు, కింద పిల్లవాడు సరిచేసి మళ్లీ రాసి ఉంటాడు. ఆ గీతకూ ఆ దిద్దుబాటుకూ మీరు ఫీజు కట్టొచ్చు.

ప్రైవేటు బడి అంటేనే మంచి చదువు అనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన అధ్యయనం ఒకటుంది, అదీ మన దగ్గర జరిగిందే. 2008లో మొదలుపెట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో 180 గ్రామాల్లో ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి లాటరీ తీసి ప్రైవేటు బడిలో చేరే అవకాశం ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆ ఫలితాలను 2015లో ప్రచురించారు. నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ తేడా కనబడలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు; ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో అప్పుడు హిందీ చెప్పేవారే కాదు. ప్రైవేటు బడుల్లో టీచర్లు క్రమం తప్పకుండా వచ్చారు, ఎక్కువసేపు చెప్పారు, తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి కూడా అదే ఫలితం సాధించారు. పైగా ఒక్కో పిల్లవాడి మీద వాటికైన ఖర్చు ప్రభుత్వ బడిలో అయ్యేదాంట్లో మూడో వంతు లోపే. కాబట్టి ఆ బడులను తీసిపారేయలేం. బోర్డు మీద ‘ఇంగ్లిష్ మీడియం’ అని ఉన్నంత మాత్రాన పిల్లలకు చదువొచ్చేస్తుందని నమ్మనూ లేం.

చదువొచ్చిందో లేదో తెలుసుకునే ఉపాయం తేలికైనది. అక్కడే చదివే మూడో తరగతి పిల్లను చేరదీసి, పాఠ్యపుస్తకంలో లేని చిన్న కథ ఒకటి చదవమనండి, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో. చదివాక ‘ఏం జరిగిందమ్మా?’ అని అడగండి. రైమ్స్ గడగడా చెప్పే పిల్ల ఈ ప్రశ్నకు బిక్కమొహం వేస్తే, ఆ బడిలో కంఠస్థం తప్ప ఇంకేం జరగడం లేదు. తెలుగు బొత్తిగా రాకపోయినా అది బడి లోపమే. తెలంగాణలో 2018 చట్టం తెలుగు బోధనను తప్పనిసరి చేసింది కూడా.

ఆరో తరగతికి వచ్చేసరికి కథ మారుతుంది. అప్పటిదాకా ఒక్క టీచరే అన్నీ చెప్పినా నడిచింది. ఆరు నుంచి లెక్కలు-సైన్సు, సోషల్, భాషలకు విడివిడిగా టీచర్లుండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది, 35 మందికి కనీసం ఒకరు చొప్పున. చిన్న బడులు తడబడేది ఇక్కడే. ఆ లోటు కప్పిపుచ్చడానికి ‘ఐఐటీ ఫౌండేషన్’ పుస్తకాలు తెచ్చి సంచీలో పడేస్తారు. 2018లో కేంద్రం ఆరు, ఏడు తరగతుల సంచీకి 4 కిలోలు, ఒకటి, రెండు తరగతులదానికి కిలోన్నర హద్దుగా పెట్టింది. గేటు దగ్గర ఒక సంచీ ఎత్తి చూస్తే మీకే తెలుస్తుంది. ఏడో తరగతి అయ్యాక ఇక్కడి పిల్లలు ఎక్కడ చేరుతున్నారో కూడా కనుక్కోండి. అక్కడ వాళ్లు నెగ్గుకొస్తున్నారంటే ఈ బడి పునాది గట్టిదే.

భద్రత గురించి రెండే మాటలు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో, వంటగది నుంచి లేచిన మంట పైకప్పుకు అంటుకుని ఒక ప్రైవేటు బడిలో 94 మంది పిల్లలు కాలిపోయారు. పై అంతస్తుకు ఎన్ని మెట్లదారులున్నాయో, వాటి వెడల్పెంతో, గేటుకు తాళం ఎప్పుడు వేస్తారో చూడకుండా బయటికి రావొద్దు. మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందో లేదో మీ అమ్మాయి తరఫున మీరే చూడాలి.

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఏడాది ఫీజంతా ఒకేసారి కడితే రాయితీ ఇస్తామంటారు; ఆశపడకండి, టర్ముల వారీగానే కట్టండి. ఆగస్టులో ఒక ఆదివారం పిల్లవాడి నోట్సు తెరిచి దిద్దుబాట్లు చూడండి, వాడి టీచరు ఇంకా అక్కడే ఉన్నారో లేదో కనుక్కోండి. రెండో టర్ము ఫీజు ఆ తర్వాత.