పాత కారుకు పాత షాకప్పులా, కొత్తవా?

పాతకాలపు కారును బాగుచేయించే వారికి ఇంజను, రంగు, సీట్ల సంగతి తేలిన తరువాత మరొక చిక్కు ఎదురవుతుంది. చక్రాల వద్ద ఉండే షాక్ అబ్జార్బర్లను, మెకానిక్కుల మాటలో షాకప్పులను, ఆనాటివే మరమ్మతు చేయించి ఉంచాలా, లేక ఈనాటివి బిగించాలా? చూడటానికి ఇది చిన్న విషయమే. కాని బ్రేకు నొక్కినప్పుడు కారు సమయానికి ఆగడం, మలుపులో అదుపు తప్పకుండా ఉండటం కొంతవరకు వీటిపైనే ఆధారపడి ఉన్నాయి.

ఉయ్యాల, కాలు

గతుకు దెబ్బను షాకప్పే భరిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ దెబ్బ తీసుకునేది కమాను కట్ట లేక స్ప్రింగు. ఉయ్యాలను ఒకసారి ఊపి వదిలితే ఎంతోసేపు ఊగుతుంది. కాలు నేలకు రాస్తే ఆగుతుంది. స్ప్రింగు ఉయ్యాల వంటిదైతే, షాకప్పు నేలకు రాసే కాలు వంటిది. దాని లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా పోవలసి రావడంతో ఊపు అణగి, ఆ శక్తి వేడిగా మారుతుంది. షాకప్పు చెడితే చక్రం ఎగిరెగిరి పడుతుంది. నేలను తాకని చక్రానికి బ్రేకు వేసినా ప్రయోజనం ఉండదు.

1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టి కార్లకు కంపెనీ అసలు షాకప్పులే అమర్చలేదు. ఆ తరువాత వచ్చిన మోడల్ ఎ కార్లకు చేతికర్ర వంటి మీట ఉన్న నూనె షాకప్పులు వచ్చాయి. సైకిలు పంపు ఆకారంలో ఉండే గొట్టపు షాకప్పులు క్రమంగా వీటి స్థానాన్ని ఆక్రమించాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలపు జీపులకు ఉన్నవి గొట్టపు షాకప్పులే. కనుక జీపుల వారికి ఈ సమస్య అంతగా లేదు. అదే కొలతలో కొత్తవి బిగిస్తే చాలు. చిక్కంతా మీట షాకప్పుల కార్లతోనే.

మోరిస్ మైనర్ ఉదాహరణ

బ్రిటన్‌లో 1948లో మొదలై 1971 వరకు తయారైన మోరిస్ మైనర్ ఇందుకు మంచి ఉదాహరణ. మన దేశంలో 1950ల్లో హిందుస్థాన్ మోటార్స్ వారు దీనినే బేబీ హిందుస్థాన్ పేరుతో విడుదల చేశారు. ఈ కారు ముందు చక్రాల వద్ద షాకప్పు మీటే చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే చేయిగా కూడా పనిచేస్తుంది. అందువల్ల దానిని ఊడదీసి పక్కన పడేయడానికి వీలులేదు. గొట్టపు షాకప్పు బిగించదలచిన వారు పాతదానిని చేయిగా అలాగే ఉంచడమో, కొత్త చేయి అమర్చడమో చేయాలి.

పాతవాటిలో నూనె తక్కువ. గతుకుల బాటపై అది త్వరగా వేడెక్కి పట్టు సడలుతుంది. ఇరుసు దగ్గర సీలు అరిగితే నూనె కారుతుంది. గొట్టపువాటికి ఈ ఇబ్బంది తక్కువ. అయితే మరీ బిరుసైనవి బిగిస్తే, ఆ బరువుకు ఉద్దేశించని పాత రేకు, పాత బిగింపులు పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది.

నిబంధనలు

వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో నిబంధనలు ప్రకటించింది. వాహనానికి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజను మార్పులకు గురికాకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ. 20,000. పది సంవత్సరాలు చెల్లుతుంది. షాకప్పుల పేరు అందులో ప్రత్యేకంగా లేకపోయినా, వాటికోసం ఛాసిస్‌కు వెల్డింగు చేయిస్తే తనిఖీలో ప్రశ్న రావచ్చు. అందుచేత కోయకుండా, అతకకుండా, ఉన్న రంధ్రాలకే బోల్టులతో బిగించి, కావాలంటే తిరిగి ఊడదీయగల ఏర్పాటే మేలు. తీసిన పాత సామాను భద్రపరచాలి.

కారు యజమానులకు

మడ్‌గార్డును గట్టిగా కిందికి నొక్కి వదలాలి. పైకి లేచి నిలిస్తే సరి. రెండు మూడుసార్లు ఊగితే చెడినట్లే. టైరు మచ్చలు మచ్చలుగా అరగడం, షాకప్పు చుట్టూ నూనె తడి కనిపించడం కూడా గుర్తులే. మీట షాకప్పులో నూనె పోసేముందు మూత చుట్టూ మట్టి తుడవాలి. బ్రేకు ఆయిలు, ఇంజను ఆయిలు పోయరాదు. షాకప్పు నూనే వాడాలి. మార్చేటప్పుడు ఒక్కటి కాక, ఒకే ఇరుసుపై ఉన్న రెండింటినీ కలిపి మార్చాలి.

ప్రదర్శనలకు, పండుగలకు మెల్లగా బయటకు తీసే కారుకు పాతవే శ్రద్ధగా బాగుచేయిస్తే సరిపోతుంది. దూరప్రయాణాలకు వాడే కారుకు, అసలు భాగాలు దాచుకొని, మెత్తని గొట్టపు షాకప్పులు బిగించడం వివేకం. ఏది ఎంచుకున్నా, నూనె కారిపోయిన పాతదానిని ‘ఒరిజినల్’ అనే పేరుతో అలాగే నడపడం మాత్రం తగదు.