స్టాండు వేస్తుంటే నడుం పట్టేసిందా?

బండి నడిపినంతసేపూ లేని నొప్పి, ఇంటికొచ్చి సెంటర్ స్టాండు వేస్తుండగా కలుక్కుమందా? ఇలా బాధపడేది మీరొక్కరే కాదు. జారగిలబడి హాయిగా నడిపే క్రూయిజర్ రకం మోటారు సైకిళ్ళు బాగా బరువు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350నే చూడండి, 190 కిలోల పైమాటే!

అంత బరువును చేతులతో ఎత్తబోవడంతోనే వస్తుంది చిక్కు. వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్లలాంటి డిస్కులుంటాయి. నడుము వంచి, పక్కకు మెలితిరిగి, ఒక్కసారిగా లాగితే కింది డిస్కులమీద ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. డిస్కు జరిగి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు మీదుగా కాలిలోకి పాకుతుంది. సయాటికా అంటారు దీన్నే. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. కనుక పొద్దున్నే పక్కమీంచి లేస్తూనే ఈ పని పెట్టుకోకండి.

మరెలా వేయాలి? గట్టినేల చూసుకుని, బండికి ఎడమ పక్కన నిలబడండి. ఎడమచేత్తో హ్యాండిల్, కుడిచేత్తో సీటు దగ్గరి పిడి పట్టుకోండి. కుడిపాదంతో స్టాండును కిందికి నొక్కి, బండిని నిటారుగా నిలిపి, కొద్దిగా అటూ ఇటూ కదపండి. స్టాండు కాళ్ళు రెండూ నేలకు తగిలితే మీ పాదానికే తెలుస్తుంది. తెలిసేదాకా తొందరపడకండి, కిటుకంతా ఇక్కడే ఉంది. ఆపైన ఒంటి బరువంతా ఆ పాదంమీద మోపి, మెట్టెక్కినట్టు నిలబడితే బండి తానే వెనక్కి లేస్తుంది. చేతులు ఊతానికే. హవాయి చెప్పులు జారతాయి, బూట్లు మేలు.

దించేటప్పుడు ముందు సైడ్ స్టాండు తెరిచి ఉంచి, ఆ తర్వాత ముందుకు తోయండి. బండి ఒరిగిపోతుంటే ఆపబోకుండా తప్పుకోండి. పగిలిన అద్దం బజారులో దొరుకుతుంది లెండి!

హెర్నియా ఉన్నవారు, పొట్ట ఆపరేషను కొత్తగా అయినవారు సైడ్ స్టాండుతో సరిపెట్టుకోవాలి. గొలుసుకు నూనె వేసే పని మెకానిక్కు చూసుకుంటాడు.

నడుం పట్టేస్తే మంచం దిగకుండా పడుకోనక్కరలేదు. బరువులెత్తడం మాని, ఓపిక ఉన్నంతలో మెల్లగా తిరుగుతూ, కాపడం పెట్టుకుంటే చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. అయితే కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళండి. మర్నాటిదాకా ఆగితే నలిగిన నరాలు మళ్ళీ కోలుకోకపోవచ్చు.